మనవరాలి ఫొటో మళ్లీ మనవాళ్లకే

ఈ రోజు పొద్దుటి నుంచి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడో నెలైనా రాని మా మనవరాలి ఫొటోను, నేను ఈ సైటులో పెడితే, ఊరంతా చూసేసిందట. పిల్లకు దిష్టి తగులుతుందని ఆవిడ భయం. నేను పెట్టింది బంధువులకు మాత్రమే. ఏ సెట్టింగు ఎలా పెట్టానో నోటుబుక్కులో రాసుకునే అలవాటు నాది. సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని కొత్తపేట నెట్ సెంటరుకు వెళ్లాను.

అనుకున్నట్టే సైటువాళ్లు నా సెట్టింగులు మళ్లీ మార్చేశారు. బంధువులు అని ఉండాల్సిన చోట అందరూ అని ఉంది. పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే వెతికి, గంటలో అన్నీ సరిచేశాను. అయినా నమ్మకం కుదరక, సెంటరు నడిపే సుబ్బరాజు గారిని ఆయన ఖాతాలోంచి చూడమన్నాను.

"పాప కనపడుతోందాండీ?"

"లేదండీ. మీ పేరొక్కటే ఉంది. ఏం చేసేరండీ బాబూ, నాక్కూడా కాస్త చెప్పండి!"

ఆయన కంప్యూటరు చదువుకున్న మనిషి. నేను చూసి నేర్చుకున్నవాణ్ణి.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "సరేలెండి, ఇప్పటిదాకా చూసినవాళ్ల దిష్టి నేను తీసేస్తాను. మీరు వచ్చేయండి, కాఫీ పెడతాను" అంది మా ఆవిడ.

ఈ కబురు స్నేహితులకే కనబడేలా పెట్టాను. స్నేహితులు కానివారెవరికైనా కనబడితే దయచేసి చెప్పండి.