కారులో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి

ఆ ఎండాకాలమంతా నాకు ఒకటే ఆలోచన. కారులో పోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

మా అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దవంగర నుంచి మహబూబాబాద్ తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. బావ భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు, సెలవు దొరికితే తప్ప రాలేడు. బస్సు కుదుపులకు అక్క తట్టుకోలేదు. అందుకని బావ పాత కారును నేనే నడిపేదాన్ని. నాకు తెలిసింది మిరప తోట పని. ఆ కారు ఆగితే అక్క ఊపిరి ఆగుతుంది కాబట్టి దాని రోగం కూడా నా నెత్తిన పడింది.

బయలుదేరే ముందు రేడియేటర్ నిండా నీళ్లు పోసేదాన్ని. మహబూబాబాద్ చేరేసరికి సగం కూడా ఉండేవి కావు. తెల్లారి కారు జరిపి చూస్తే కింద నేల పొడిగా ఉండేది. తొర్రూరు మెకానిక్ ముందు రేడియేటర్ మూత మార్చాడు, తర్వాత రబ్బరు పైపు మార్చాడు. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అది తెల్లగా మారుతుందట. చూశాడు, మారలేదు. వెనక పొగ గొట్టం దగ్గర తెల్ల పొగ ఉందేమోనని వంగి చూశాడు, అదీ లేదు. నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. చివరికి ఇంజిన్ లోపల నీళ్లు కారకుండా ఆపే గ్యాస్కెట్ పోయి ఉంటుందని, మొత్తం విప్పడానికి వారం పడుతుందని చెప్పాడు.

వారం ఎట్లా ఆగుతాం? అంతకుముందు ఒకసారి కారు దారిలో మరిగి నిలిచిపోతే డయాలిసిస్ తప్పింది. ఒంట్లో నీరు చేరి ఆ మర్నాడంతా అక్క నడుం వాల్చలేకపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని నోటితో గాలి పీల్చుకుంటుంటే చూడలేక నేను వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగాను. అందుకే కారును మెకానిక్‌కు అప్పజెప్పలేదు. వెనక సీట్లో నీళ్ల డబ్బాలు పెట్టుకుని తిప్పుతూనే ఉన్నాను.

మే నెలలో ఒక రోజు తొర్రూరు దాటగానే డబ్బాలు రెండూ అయిపోయాయి. నెల్లికుదురు దాటాక వేడి చూపించే ముల్లు మళ్లీ ఎర్ర గీత వైపు లేచింది. ఇంజిన్ మరీ కాగితే హీటర్ పెట్టమని, కొంత వేడి కారు లోపలికి వచ్చేస్తుందని బావ ఒకసారి ఫోన్లో చెప్పాడు. ఆ ఎండలో, రోగిని పక్కన పెట్టుకుని, అద్దాలు దించి హీటర్ తిప్పాను. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వేడి గాలితో పాటు ఆవిరి వచ్చింది. ముందరి అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారింది. తియ్యటి, వెగటు వాసన ఒకటి కారంతా కమ్ముకుంది. మెకానిక్ మొదట్లో రేడియేటర్ నీళ్లలో కలిపి పోసిన పచ్చటి కూలెంట్ వాసన అది. వేప చెట్టు కింద బండి ఆపి, అక్కను కాళ్లు పైకి తియ్యమని, ఆమె పాదాల కింది రబ్బరు పట్టా లేపాను. దాని అడుగున మడత పెట్టిన పాత తువ్వాల. పిండితే నీళ్లు కారాయి. దాని కింద కారు నేలకు పరిచిన మందపాటి గుడ్డంతా నానిపోయి ఉంది.

ఇదెప్పటి నుంచి అని అడిగాను. అక్క పాదాలను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"మస్తు దినాలాయె చెల్లె. నా కాళ్లల్లకెళ్లే నీళ్లు కారుతున్నయనుకున్న. చెప్తే దవాఖానల పండవెడ్తరని చెప్పలే."

పాదాలు ఉబ్బి ఉబ్బి చివరికి చర్మం పగిలి నీరు ఊరుతోందనీ, ఇక ఎక్కువ కాలం బతకననీ ఆమె అనుకుంది. తన పాదాల నుంచే జారి పట్టా కింద చేరుతోందనుకున్న తడికి ఆ తువ్వాల పరిచి, ప్రతిసారీ ఇంటికి రాగానే చాటుగా మార్చుకునేది.

"అది నీ నీళ్లు కాదక్కా. కారు నీళ్లు," అన్నాను.

ఆమె నమ్మలేదు. ధైర్యం చెప్పడానికి అబద్ధమాడుతున్నానని అనుకుంది.

మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఇంజిన్ వేడినీళ్లు హీటర్‌లోంచి కూడా తిరుగుతాయని, దాని లోపల చిల్లి పడిందని, దాంట్లోకి పోయే పైపును, వచ్చే పైపును ఊడదీసి ఒకదానికొకటి కలిపేస్తే హీటర్‌కు నీళ్లు పోవని చెప్పాడు. ఇంజిన్ చల్లారితేనే చేతులు పెట్టాలన్నాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే దూరంలో ఉందన్నారు. చల్లారే దాకా కూర్చోవడం ఒక నరకం. అక్క ఊపిరి అప్పటికే బరువెక్కింది. రెండు మాటలకు మధ్య ఆగి గాలి తీసుకుంటోంది.

దగ్గరలో ఒక బోరు మోటరు కనిపించింది. మిరప పంట అయిపోయి డ్రిప్పు పైపులు చుట్టచుట్టి ఉన్నాయి. మా తోటలో అలాంటివి నేనే పరుస్తాను. రెండు పైపులను కలిపే ప్లాస్టిక్ జాయింట్ ఎంత లావుంటుందో చేతికి గుర్తే. కారు పైపులూ అంతే ఉన్నాయి. అక్కడున్న ముసలాయనను అడిగితే ఒక జాయింట్, కొంచెం కట్టు తీగ ఇచ్చాడు. బిందెతో నీళ్లు తనే మోసుకొచ్చాడు. ఇంజిన్ పూర్తిగా చల్లారకముందే పైపులు ఊడదీస్తుంటే వేళ్లు కాలాయి. జాయింట్ దూర్చి, తీగతో బిగించి కట్టి, నీళ్లు నింపి, వీరభద్రుడికి మొక్కి బండి తీశాను. ముల్లు సగం దగ్గర ఆగింది. నేను దాన్ని చూస్తూ, అక్క నన్ను చూస్తూ మహబూబాబాద్ చేరాం.

మా వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. నర్సుకు దండం పెట్టాను. ఆమె అక్క ముఖం చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టింది, సాయంత్రానికి మిషన్ ఇచ్చింది. మిషన్ మీద ఉండగా అక్క తన పాదాలు చూడమని ఆమెను అడిగింది. నర్సు వంగి, రెండు పాదాలూ వేళ్ల సందుల దాకా నొక్కి చూసింది.

"వాపైతే ఉంది గని, ఎక్కడ నీళ్లు కారుతలేవు. తోలు మంచిగనే ఉంది."

అక్క తల పక్కకు తిప్పుకుని ఏడ్చింది. సూదులున్న చెయ్యి కదలకూడదు కాబట్టి కళ్లు నేనే తుడిచాను.

మర్నాడు తొర్రూరులో ఆ జాయింట్ తీసేసి గట్టి రబ్బరు పైపు వేశారు. నీళ్లు తగ్గడం ఆగిపోయింది. అక్క జబ్బు మాత్రం తగ్గేది కాదు. మొన్న మంగళవారం కూడా పోయి వచ్చాం. దారిలో ఆమె చెప్పులు విడిచి, పాదాలు పట్టా మీద ఆనించి నిద్రపోయింది.