వక్కీలు కాలేని బొమ్మయ్య నడిపిన క్లాసు

లా పరీక్ష తప్పినవాళ్లు రాజపాళయంలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. తప్పినందుకే ఉద్యోగం దొరికినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణేనని బొమ్మయ్య చెప్పుకునేవాడు. చెప్పి, వినేవాళ్లకంటే ముందు తానే నవ్వేవాడు. తన మీద నవ్వే మొదటి హక్కు తనదేనని అతని వాదన.

బొమ్మయ్యది తళవాయిపురం. నాలుగు తరాలుగా ఆ ఇంటివాళ్లు కోర్టుకు పోతూనే ఉన్నారు, సాక్షులుగానో ప్రతివాదులుగానో. అందరివీ గట్టు తగాదాలే. 1953లో వీరరాఘవ రాజా అనే పెద్ద వక్కీలు దీని గురించే ఆలోచనలో పడ్డారు. శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ముందు పొద్దుటినుంచి కాచుకుని కూర్చునేవాళ్లు సేద్యగాళ్లు, నేతగాళ్లు, కూలీలు. నల్లకోటు తొడుక్కుని లోపలికి పోయేవాళ్లలో ఆ ఇళ్లవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన తన మేడమీద గదిలో ఒక సంఘం పెట్టారు. ఏ ఇంట్లో ఇంతవరకూ వక్కీలు పుట్టలేదో ఆ ఇంటి పిల్లలకు ఆదివారాలు ఇంగ్లీషు నేర్పడం, మద్రాసు లా కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టించడం, అక్కడ ఉండడానికి చోటు చూడడం, చదువయ్యాక తన దగ్గర జూనియరుగా చేర్చుకోవడం, ఇదీ పని.

మదురైలో బీఏ చదివి వచ్చి, నాగలి పట్టడం మరిచిపోయిన బొమ్మయ్య మొట్టమొదట ఎంపికయ్యాడు.

"పోటీకి ఇంకెవరూ రాలా. అందుకే ఫస్టు వచ్చినాను" అనేవాడు తరువాత.

సీటు వచ్చిందని తెలిసిన వారంలోనే నల్లకోటు కుట్టించుకున్నాడు. అది కావలసింది మూడేళ్ల తరువాత. అయినా మే నెల ఎండలో దాన్ని తొడుక్కునే మద్రాసు రైలెక్కాడు. ఎగ్మూరు స్టేషనులో దిగగానే ఒక ముసలాయన వచ్చి టిక్కెట్టు చూపించాడు. నేను టిక్కెట్టు కలెక్టరును కాదని చెబితే పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని బొమ్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరిగా ఉంది, పోండి" అన్నాడు. వెనక ఇంకో పదిమంది వరస కట్టారు. అసలు టిక్కెట్టు కలెక్టరు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆ కొలువు సాగింది. నల్లకోటు తనకు పనికొచ్చింది ఆ పావుగంటేనని అతని లెక్క.

కాలేజీలో మాట్లాడే ఇంగ్లీషు వేరు, మదురైలో అతను బట్టీపట్టిన ఇంగ్లీషు వేరు. తోటివాళ్లు 'పట్టిక్కాడు' అని పేరు పెట్టారు, పల్లెటూరి మొద్దు అని. మెస్సులో అతని పక్కన ఆకు వేసుకునేవాళ్లు తక్కువ. దాన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది రెండో టర్ములో వచ్చింది. విద్యార్థులు ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించే రోజు అది. జడ్జి కుర్చీలో ప్రొఫెసరు కూర్చున్నాడు. బొమ్మయ్య లేచాడు. పది రోజులు కంఠస్థం చేసిన 'మై లార్డ్' గొంతుదాకా వచ్చింది. తళవాయిపురంలో పెద్ద రైతుల ముందు వాళ్ల తాత నిలబడినట్టే నడుం దానంతటది వంగింది. చేతులు కట్టుకున్నాయి.

"సామీ..." అన్నాడు.

హాలు హాలంతా నవ్వింది. ఆ తరువాత ఏ పరీక్ష రాసినా ప్రశ్నపత్రంలోంచి ఆ నవ్వే వినపడేది. ఎఫ్.ఎల్. అనే మొదటి ఏటి పరీక్ష రెండుసార్లు తప్పి, కోటు మడిచి పెట్టెలో పెట్టుకుని ఊరికి వచ్చాడు.

వీరరాఘవ రాజా ఒక్క మాటా తిట్టలేదు. "బొమ్మయ్యా, నువ్వు ఎక్కడెక్కడ పడినావో రాసి పెట్టు. వెనక వచ్చే పిల్లకాయలకు కావాలి" అన్నారు. బొమ్మయ్య రాశాడు. నలభై పేజీలు వచ్చాయి. ఆయన అది చదివి, అతణ్ణి తన గుమాస్తాగా పెట్టుకుని ఆదివారం క్లాసు అప్పజెప్పారు.

"వక్కీలు ఎట్ల కావాలో నాకు తెలీదు. ఎట్ల కాకుండా పోతామో నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు" అని మొదలుపెట్టేవాడు ప్రతి ఏడూ. పిల్లలు నవ్వేవారు. ఆ నవ్వులో వాళ్ల బెదురు కాస్త తీరేది. ఆరేళ్లలో ఇద్దరు బీఎల్ పూర్తి చేశారు.

1961లో పేచ్చియమ్మాళ్ వచ్చింది. ఊళ్లోని నూలుమిల్లులో ఊడ్చే ఆమె కూతురు. మిల్లు వెనక ఉన్న ఆ వీధివాళ్ల ఇళ్లలో ఊళ్లో మిగతావాళ్లు మంచినీళ్లు కూడా తాగని కాలం. ఆ పిల్ల మదురైలో బీఏ ఫస్టుక్లాసులో పాసయి, దరఖాస్తు తానే రాసుకుని వచ్చింది. బొమ్మయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. ఒక్క తప్పూ దొరకలేదు. తరువాత మిగతా పిల్లల వైపు, వాళ్ల తండ్రులు ఏమంటారో అన్నట్టు చూసి, తలుపు పక్కన విడిగా ఒక ముక్కాలిపీట వేశాడు.

"ఇక్కడ కూర్చోమ్మా. గాలి బాగా వస్తుంది."

ఆమె కూర్చుంది. మూడు ఆదివారాలు అక్కడే కూర్చుంది. నాలుగో ఆదివారం, కోర్టులో ఎవరు ఎక్కడ నిలబడాలో బొమ్మయ్య బోర్డు మీద గీసి చూపిస్తుంటే లేచి నిలబడింది.

"అన్నాచ్చి, ఒక సందేగం" అంది, అన్నను పిలిచే అరవ పిలుపుతో.

"అడుగు."

"కోర్టులో కూడా నాకు గాలి వచ్చే చోటే ఇస్తారా?"

ఎవరూ నవ్వలేదు. తన మీద తాను నవ్వుకోవడంలో అంత సాధన ఉన్నవాడికి ఆ రోజు నవ్వు రాలేదు. మెస్సులో తన పక్కన ఆకు పడక ఖాళీగా ఉండిపోయిన చోటు గుర్తుకొచ్చింది. అంత అవమానం మోసుకొచ్చి, దాన్ని అట్లాగే ఇంకొకరికి వడ్డించాడు. సుద్దముక్క కింద పెట్టి, తన కుర్చీ తెచ్చి మొదటి వరసలో వేసి, "ఇక్కడికి రా తల్లీ. తప్పు నాది" అన్నాడు. మిగతా పాఠం నిలబడే చెప్పాడు.

తరువాతి వారం ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. ఈ సంగతి చెబితే వీరరాఘవ రాజా పేపరులోంచి తల ఎత్తలేదు. "ఆ పిల్ల వచ్చిందా?" అని మాత్రం అడిగారు. వచ్చిందన్నాడు. "సరి, క్లాసు నడుపు" అన్నారు.

ఆ ఏడంతా బొమ్మయ్య జడ్జి వేషం కట్టాడు. బల్లమీద కూర్చుని, కసిరి, మాటకు అడ్డం పడి, ఆవలించి, తనకు తెలిసిన బెదిరింపులన్నీ ఆమె మీద ప్రయోగించాడు. ఆమె బెదరలేదు. ఒకరోజు అతను గట్టిగా గద్దిస్తే, "మై లార్డ్, తమరు చెప్పిన సెక్షను పోయిన ఏడే మారిపోయింది" అంది. పుస్తకం తీసి చూశాడు. నిజమే.

"నన్ను ఫెయిలు చేసినవాళ్లు మంచి పని చేసినారు" అని ఒప్పుకున్నాడు.

1962లో ఆమెను రైలెక్కించాడు. రెండేళ్లలో బీఎల్ ఒక్కసారికే పాసయింది. అప్రెంటిసు ముగించుకుని 1966లో వీరరాఘవ రాజా ఆఫీసులో చేరింది. ఆమె కాగితాలు చూసే పని బొమ్మయ్య అడిగి తీసుకున్నాడు. తళవాయిపురంలో చుట్టాలు ముఖం చిట్లించారు. "ఆడపిల్లకు, అదీ ఆ వీధి పిల్లకు, గుమాస్తావా?" అన్నాడు పెదనాన్న కొడుకు పాండురంగన్.

"అవును అప్పా. ఆ పని కూడా తప్పుల్లేకుండా చేస్తానో లేదో" అన్నాడు బొమ్మయ్య.

అన్నట్టే అయింది. ఆమె మొదటి కేసు మంసాపురం కౌలు రైతుది. భూస్వామి అతణ్ణి పొలంలోంచి వెళ్లగొట్టబోతున్నాడు. అఫిడవిట్టులో బొమ్మయ్య కౌలు తేదీ ఒక నెల వెనక్కి వేశాడు. అవతలి వక్కీలు అది పట్టుకుని లేచాడు. వెనక బెంచీ మీద బొమ్మయ్య తన దగ్గరున్న నకలు తీసి ఆ తేదీ చూసుకున్నాడు. పేచ్చియమ్మాళ్ నిదానంగా నిలబడి, అది రాతలో జరిగిన పొరపాటని, సరిదిద్దుకోవడానికి అనుమతి ఇమ్మని అడిగి, అసలు కౌలు చీటీ జడ్జి చేతికి అందించింది. మధ్యాహ్నానికి స్టే వచ్చింది.

కోర్టు మెట్ల మీద, రైతు వింటుండగానే, ఆమె అతని వైపు తిరిగింది.

"అన్నాచ్చి, సంతకానికి ముందు ఒక్కసారి చదివి చూడకూడదా? స్టే రాకుంటే ఈయన గతి ఏమి?"

"తప్పే అమ్మా" అన్నాడు బొమ్మయ్య. ఈసారి దాన్ని తమాషాగా మార్చడానికి ప్రయత్నించలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి భార్య ముత్తులక్ష్మికి అంతా వరసగా చెప్పాడు, అవతలి వక్కీలు ఎట్లా లేచాడో, ఆమె ఎట్లా నిలబడిందో. తిట్టిన మాటలు మరీ వివరంగా చెప్పాడు.

"తిట్లు తినేసి వచ్చి ఇంత సంతోసమా?" అంది ఆమె కంచం పెడుతూ.

"జడ్జి ముందు నన్ను కాపాడి, బయటికి వచ్చినాక తిట్టింది. పెద్ద వక్కీళ్లు అట్లనే చేస్తారు" అన్నాడు. అన్నం తిని, మరునాటి కేసు కాగితాలు బయటికి తీసి, తేదీలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.