గరగర తగ్గేదాకా

స్పిన్నింగు మిల్లు వ్యాను నడిపే ఆయన్ని అందరూ స్టేషన్ మాస్టరనేవారు. రైలుకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. వ్యానుతోపాటు బిగించి వచ్చిన రేడియోయే ఆయన లోకం, అందుకని ఆ పేరు. స్టేషన్ మార్చే దాని మరను ఎవరైనా తాకితే ఒంటికాలి మీద లేచేవాడు.

పాట మధ్యలో గరగర వస్తే వెనక కూర్చున్న మిల్లు ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆయనకు మాత్రం అప్పుడే హుషారు పుట్టుకొచ్చేది. ఎఫ్ఎమ్ మన చూపులాంటిదట, కొండ అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుందట. మీడియం వేవ్ కొండను చుట్టి కూడా వస్తుందట, కాకపోతే దాంట్లో పాటకంటే రొదే ఎక్కువట. విన్నవాళ్లు ఆవులించేవాళ్లు. ఆ ఆవులింతలు ఆయన కంటికి ఆనేవి కావు.

"స్టేషన్ ఎప్పుడూ పలుకుతూనే ఉంటుందమ్మా. వినబడట్లేదంటే మనమే ఏదో చాటున ఉన్నట్టు," అనేవాడు.

ఆ నమ్మకం మీదే బండి నడిపేవాడు. దారిలో ఒకచోట కొండను చీల్చి రోడ్డు వేశారు. అటూ ఇటూ రాతి గోడలే. అందులోకి దిగగానే రేడియో గరగరలాడుతుంది, బయటపడగానే గొంతు తేటపడుతుంది. అక్కడినుంచి పల్లం, పల్లం చివర వాగు, వాగు మీద పిట్టగోడైనా లేని చప్టా. ముసురు రోజుల్లో మబ్బు రోడ్డు మీదికి దిగితే ఎదురుగా ఏమీ కనబడదు. అప్పుడాయన చెవులతోనే నడిపేవాడు. గరగర ఉన్నంతసేపూ తిన్నగా పోవచ్చు, గొంతు రాగానే బ్రేకు. సొంత తమ్ముడికీ ఈ విద్యే నేర్పాడు. తమ్ముడు నూలు కండెల వ్యానుతో రోజూ అన్నకంటే కాస్త ముందు బయల్దేరేవాడు. చప్టా దాటి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆ మోత విన్నాకే అన్నకు మనసు కుదుటపడేది.

ఆ పొద్దున మబ్బు చిక్కగా పట్టింది. ఎగువన వాన కురుస్తూనే ఉంది. మిల్లులో కొత్తగా చేరిన కూతురు ముందు సీట్లో కూర్చుంది. కొండ చీలిక ఇంకా రాకముందే పాట తెగి గరగర మొదలైంది.

"ఇవాళ ముందే మొదలైందేంటి నాన్నా?"

"ముసురు కదమ్మా. తడికి కాస్త అటూ ఇటూ అవుతుంది."

అలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఏరియల్ పూర్తిగా లాగే ఉంది, మర పక్కకు జరగలేదు. బండి చీలికలోకి దిగింది. వెనక ఆడవాళ్లు ఎవరి పెళ్లి గురించో నవ్వుకుంటున్నారు. గరగర తగ్గలేదు. రావాల్సిన హారన్ రాలేదు. తమ్ముడు నిద్రమత్తులో మరిచిపోయి ఉంటాడని గొణుక్కున్నాడు గానీ, వాడు ఏనాడూ మరిచిపోలేదన్న సంగతి ఆయనకు తెలుసు.

"నాన్నా, బండి పల్లానికి దిగుతున్నట్టుంది."

"గొంతు రాలేదు కదా. ఇంకా కొండ చాటునే ఉన్నాం."

కూతురు చెయ్యి చాచి, ఎవరూ తాకకూడని ఆ మరను తిప్పింది. ఆయన కసిరేలోపే ఎక్కడో దూరపు పట్నం స్టేషన్ నుంచి పాట వచ్చింది. అద్దం తుడిచినంత శుభ్రంగా పలుకుతోంది.

చీలికలో ఏ ఎఫ్ఎమ్మూ పలకదు. అంటే ఎప్పుడో బయటపడ్డారు. ఏ చాటునా లేరు. మూగబోయింది తన స్టేషనే.

బ్రేకు మీద రెండు కాళ్లతో నిలబడ్డాడు. వెనక సీట్లలో కేకలు లేచాయి. బండి జారి, ఊగి, ఆగింది. దిగి చూస్తే ముందు చక్రాలు నీళ్లలో ఉన్నాయి. చప్టా ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. వాగు పొంగుకు స్టేషన్‌కు పోయే కరెంటు స్తంభాలూ కొట్టుకుపోయి ఉంటాయని, అందుకే స్టేషన్ ఆగిపోయిందని అప్పుడు తట్టింది. మళ్లీ బండిలోకి దూరి హారన్ రెండుసార్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కూతురు రేడియో కట్టేసింది, బదులొస్తే వినబడాలని.

బదులొచ్చింది.

"బాబాయే! దాటేశాడు నాన్నా!" అంది కూతురు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ మోత అవతలి ఒడ్డునుంచి రావడం లేదు. దిగువనుంచి, నీళ్లు పోతున్న వైపునుంచి వస్తోంది. రెండుసార్లు కాదు, ఆగకుండా ఒకటే మోత. తడిసిన హారన్ అలాగే మోగుతుందని ఏ డ్రైవరుకైనా తెలుసు. ఆయన ఒడ్డు వెంబడి పరుగెత్తాడు, తమ్ముణ్ణి ముద్దుపేరుతో పిలుస్తూ, ముళ్లపొదలకు అడ్డంపడి, బురదలో జారిపడి లేస్తూ. మోత బొంగురుపోయింది, సన్నబడింది, ఆగిపోయింది.

కూతురు రొప్పుతూ వచ్చేసరికి ఆయన బురదలో చతికిలబడి ఉన్నాడు. తండ్రి భుజం పట్టుకుంది.

"గరగర ఉన్నంతసేపూ పోవచ్చని వాడికి చెప్పింది నేనేనమ్మా," అన్నాడు.