చెట్లకు ఒకవైపే రంగు

మా బావ రిటైరైతే లోకానికి కాస్త విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. పిచ్చివాణ్ణి. ముప్ఫై ఏళ్లు లిఫ్టులు తనిఖీ చేసి, ఎక్కిన ప్రతి లిఫ్టులోనూ ‘ఇంతమందికి మించి ఎక్కరాదు’ అని కాగితం అంటించిన మనిషి ఊరికే కూర్చుంటాడా? లిఫ్టులు చేజారాక అడవి మీద పడ్డాడు.

ఊరి చివర అడవిలో ఐదు కిలోమీటర్ల నడకదారి ఉంది. గేటు దగ్గర మొదలై, అడవిని ఓ చుట్టు చుట్టి, మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. కుక్కల్ని కూడా రానిస్తారు కాబట్టి ఆదివారం పొద్దున్నే జనం గొలుసులు పట్టుకుని దిగుతారు. జీతం లేకుండా ఆ దారి బాగోగులు చూసేవాళ్లు కావాలని అటవీ ఆఫీసువాళ్లు అడగడమే ఆలస్యం, బావ చెయ్యెత్తాడు. ఎవర్ని నెత్తికెక్కించుకుంటున్నారో పాపం వాళ్లకేం తెలుసు.

మొదటి వారమే గేటు దగ్గర బోర్డు లేచింది. అందరూ కుడివైపు నుంచి వెళ్లి ఎడమవైపు నుంచి రావాలి. ఎదురు నడవరాదు. గొలుసు వదలరాదు. అరవరాదు, దారిలో ఆగరాదు. ఊపిరి పీల్చుకోవడం గురించి మాత్రం ఎందుకో ఏమీ రాయలేదు. తర్వాత, దారి తెలియడానికి చెట్లకు పసుప్పచ్చ గీతలు గీశాడు. అవి కూడా ఒకవైపే, ఆయన చెప్పిన దిక్కున నడిచేవాళ్లకు కనబడే వైపు.

“రెండోవైపు కూడా గీస్తే పోలా బావా?” అన్నాను, రంగు డబ్బా మోస్తూ.

“గీస్తే ఎదురు నడవమని మనమే చెప్పినట్టు కాదట్రా? క్రమశిక్షణ అంటే ఏంటో నీకెప్పుడు తెలుస్తుంది?”

నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని నూట నలభై చెట్ల దాకా ఆ డబ్బా మోశాను. ఆయన్ని తిట్టే అర్హత నాకెంతుందో మీరే చూసుకోండి.

మా అక్కకో కుక్క ఉంది. పదమూడేళ్లది. ముసలమ్మా అంటే పలుకుతుంది. ఒక కంటికి పొర కమ్మింది, వెనక కాలు ఈడుస్తుంది. బావ నోరు ఆగని ఆ ఇంట్లో అక్క మాట వినే ప్రాణి అదొక్కటే. అక్కకు మోకాళ్ల నొప్పులు. అందుకని గేటు పక్క బెంచీ మీద కూర్చుని, గొలుసు బావ చేతికిచ్చి, “అది అలిసిపోతే కాసేపు ఆగండి” అని ప్రతి ఆదివారం బతిమాలేది. బావ ప్రతి ఆదివారం వినకుండా నడిచేవాడు.

ఆ ఆదివారం రెండు కిలోమీటర్లు దాటామో లేదో, ఎదురుగా ఒకావిడ గోధుమరంగు కుక్కతో వచ్చింది. ఎదురు నడక! బావకి పండగే. ఆవిణ్ణి నిలబెట్టి, చెట్టు మీది గీత చూపించి, జేబులోంచి పుస్తకం తీసి, కడిగేయడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో పెన్ను. గొలుసు వదలరాదని రాసిన మహానుభావుడు గొలుసు కింద పడేశాడు. నేనేమో ఆ తమాషా చూస్తూ నిలబడ్డాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లాక చూస్తే ముసలమ్మ లేదు.

“వెనక్కి పోయినట్టుంది, పద బావా!”

“వెనక్కా? ఇది చుట్టు దారి. ముందుకే నడిస్తే తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తాం.”

“మూడు కిలోమీటర్లు తిరిగొచ్చేలోపు అదేమైపోవాలి? అక్కకేం చెప్తావు?”

అక్క పేరెత్తగానే వెనక్కి తిరిగాడు. తిరిగి, కొయ్యబారిపోయాడు. ఎదురుగా చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. ఒక్కదాని మీద గీత లేదు. ఇన్నాళ్లూ ఆ దారిని ఆ వైపు నుంచి ఆయన ఒక్కసారైనా చూసుంటే కదా! ఒక్కో చెట్టూ దాటి, మెడ తిప్పి, గీత ఉందో లేదో చూసుకుంటూ నడిచాం. మూడు దారులు కలిసేచోట ఆయన బల్లగుద్ది చెప్పిన దారి పట్టుకుపోతే వాగు వచ్చింది. బురదలో మోకాళ్ల దాకా దిగబడ్డాడు. నవ్వు రాలేదు నాకు. ఆ ఒంటికంటిది ఏ గోతిలో పడిందోనని పొదపొదా వెతుకుతున్నాను.

రెండు గంటలు తిరిగి తిరిగి గేటు చేరాం. ముసలమ్మ అక్క పాదాల మీద తల పెట్టుకుని పడుకుని ఉంది. వాసన పట్టుకుని, కాలీడ్చుకుంటూ, వెళ్లిన దారినే వచ్చేసింది.

“ఇది వచ్చి గంటైంది. గొలుసు ఎవరు వదిలారు?” అంది అక్క.

బావ నా వైపు చూశాడు. “వీడు కంగారు పెట్టాడు” అన్నాడు. ఛీ అనిపించింది.

తర్వాతి ఆదివారం కుంచె, డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది, రెండోవైపు గీస్తాడు కాబోలనుకున్నాను. తిన్నగా బోర్డు దగ్గరికెళ్లి అడుగున ఇంకో వరస రాశాడు: ‘కుక్కలు కూడా వెనక్కి నడవరాదు.’

అక్క అది చదివింది. కుంచె ఆయన చేతిలోంచి లాక్కుని, డబ్బా నాకిచ్చి, ముసలమ్మ గొలుసు పట్టుకుని ఎడమవైపు దారిలోకి నడిచింది.

“ఏయ్, అటు కాదు! బోర్డు కనబడట్లేదా?” అని వెనక నుంచి అరిచాడు బావ. అరవరాదని కూడా ఆయనే రాశాడు.

అక్క తిరిగి చూడలేదు. మొదటి చెట్టుకు బోసిగా ఉన్న వైపు లావుపాటి గీత గీసింది. మోకాలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది.

“ఎన్ని చెట్లురా తమ్ముడూ?”

“నూట నలభై అక్కా. నువ్వు నడవలేవు.”

“ఇవాళే అన్నీ ఎందుకు? ఇది అలిసినచోట ఆగుదాం” అంది.