వీపు చూపని మనిషి

గల్ఫ్‌లో మా రూమ్‌లో ఉండే కామారెడ్డి కాక పెద్దవాళ్లెవరికీ వీపు చూపేవాడు కాదు. ఫోర్‌మన్‌తో మాట్లాడినా చివరికి వెనక్కి నడుస్తూనే వచ్చేవాడు. చిన్నప్పుడు దొర గడీలో తండ్రి నేర్పిన అలవాటది.

బర్కా ఊళ్లో మేం పనిచేస్తున్న కొత్త విల్లాకు ఒక పాత తైలవర్ణ చిత్రం వచ్చింది. నూటయాభై ఏళ్ల కిందటి ఎవరో దొర, చేయి టెలిస్కోపు మీద వేసి నిలబడ్డాడు. శాస్త్రవేత్తలను పోషించినవాడట. యజమాని తొందరపెడితే, కింద హాల్లోకి తెరిచి ఉన్న, ఇంకా రెయిలింగ్ బిగించని మేడమీది వరండా గోడకు మేమిద్దరమే దాన్ని తగిలించాం. కాక చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"బొమ్మనే గద కాకా" అన్నాను.

"బొమ్మయితేంది బిడ్డా, దొర దొరనే" అంటూ వెనక్కి నడిచాడు.

నేను సుత్తి కోసం వంగి లేచేసరికి గోడ దగ్గర ఆయన చెప్పులే ఉన్నాయి. కింద హాల్లో, చలువరాయి మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అప్పుడు కూడా ముఖం దొర వైపే ఉంది.