తూటా దొరకని తుపాకీ

అరవై మూడేళ్ల వయసులో గణపతిరావుకి పాత ప్రేమ తిరగబెట్టింది. కంగారు పడకండి, మనిషి మీద కాదు, తుపాకీ మీద.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారాలు రైఫిల్ క్లబ్బులో చిరిగిన టార్గెట్ కాగితాలు మార్చేవాడు, మొరాయించిన తుపాకులు బాగుచేసేవాడు. అక్కడ అందరికీ ఆయన ఉత్త 'మిస్త్రీ'. పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ క్లబ్బులో ఇంజన్ డ్రైవరు టోనికి ఒక స్విస్ రైఫిలు ఉండేది. ఆ దేశపు సైన్యం పాతబడిందని తీసేస్తే ఓడెక్కి కలకత్తా వచ్చి, వేలంలో టోని చేతిలో పడింది. మిగతా రైఫిళ్లలో తూటా ఎక్కించే బోల్టు తిప్పి లాగాలి. దీనికి తిప్పడం లేదు, తిన్నగా లాగి తిన్నగా తోయడమే. ముప్ఫై ఆరేళ్ల కిందట లోపలి ముక్క ఒకటి విరిగితే గణపతిరావు మూడు రోజులు ఆకురాయి పట్టి కొత్తది చేశాడు. వర్క్‌షాపులో ఎవరు చేసిన ముక్క మీద వాళ్లు తమ టోకెన్ నంబరు గుద్దుతారు. ఇది బయటి పని కదా అని గుద్దలేదు. టోని పొంగిపోయి ఒక తూటా పేల్చనిచ్చాడు. అది టార్గెట్ వెనక మట్టిదిబ్బకి తగిలింది. అయితేనేం, ఆ బోల్టు 'కటక్'మన్న చప్పుడుకి మనవాడు పడిపోయాడు.

టోని చనిపోయిన ఏడాదికి ఆయన భార్య ఏంజలిన్ మలంచా రోడ్డు మీద ఆటో ఆపించి మరీ పిలిచింది.

"మిస్త్రీ, లైసెన్సున్న మనిషి ఎవరైనా కొనాల. లేపోతే మూడు నెలల్లో పోలీసులకి ఇచ్చేయాల. వాళ్లు కోసి తుక్కులో పడేస్తారంట."

వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లను గ్యాసు మంటతో కోసిన రోజుల్లో గణపతిరావుకి అన్నం సయించలేదు. "నాను కొంతాను మేడమ్" అనేశాడు. తనకి లైసెన్సు లేదన్న సంగతి ఆటో వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

ఇంట్లో భార్య దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "తుపాకీ ఏటి? ఎవుల్ని కాల్తావు? బొద్దింకల్నా?"

"ఎవుల్నీ కాదే. టోని కాడున్న తూటాలు ఎప్పుడో అయిపోనాయి. దానికి సరిపడేవి మన దేశంలో ఎక్కడా దొరకవు."

దాలమ్మ నడుం మీది చెయ్యి దించింది. "అయితే పిచ్చే గానీ పెమాదం లేదన్నమాట. తెచ్చుకో."

క్లబ్బు వాళ్ల చేత సిఫారసు కాగితం రాయించుకుని దరఖాస్తు పెట్టాడు. పోలీసులు వచ్చి చుట్టుపక్కల విచారించి వెళ్లారు. గడువు ఇంకా వారం ఉందనగా మేదినీపూర్ కలెక్టరు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. తోడుగా దాలమ్మ కూడా వెళ్లింది.

"మీకు ఎవరి వల్ల ప్రాణభయం?" అని హిందీలో అడిగాడు ఆఫీసరు.

గణపతిరావు ఒకసారి దాలమ్మ వంక చూసి, "ఎవరి వల్లా లేదు సార్" అన్నాడు.

"మరి తుపాకీ ఎందుకు?"

మాటల్లో చెప్పడం చేతకాక గణపతిరావు గొడుగు భుజానికెత్తాడు. తిన్నగా లాగి, తిన్నగా తోసి, నోటితో 'కటక్' అన్నాడు. గుమస్తాలు రాతలాపి చూశారు. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తూటాలు?"

"దొరకవు సార్."

ఆఫీసరు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. క్లబ్బు వాళ్లిచ్చిన కాగితం మరోసారి చదివి, "ఠీక్ హై దాదా" అంటూ సంతకం చేశాడు.

గణపతిరావుకి కాళ్లు నేల మీద ఆనలేదు. తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ లైసెన్సు చూపించుకుంటూ ఏంజలిన్ ఇంటికెళ్లి, రైఫిలు తీసుకుని తాముండే నిమ్‌పురా చేరాడు. గుమ్మంలో దాలమ్మ హారతి పళ్లెంతో సిద్ధంగా ఉంది. కొత్త బండికి చేసినట్టు నిమ్మకాయ తొక్కించాల్సిందేనంది. తుపాకీకి చక్రాల్లేవు కనక గణపతిరావే తొక్కాడు, జారి గోడ పట్టుకున్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఫిట్టరు కళ్లకి మరలు కనిపిస్తే చేతులు ఊరుకోవు. భుజానికి ఆనించే చెక్క చివర ఇనుప రేకుకి రెండు మరలున్నాయి. స్విస్ సైనికులు ఆ రేకు కింద పేరు రాసి దాచుకునేవారని టోని చెప్పేవాడు. విప్పి చూస్తే నిజంగానే పచ్చబడిన చీటీ ఉంది, దాని మీద ఎవరో సైనికుడి పేరు. దాని వెనక ఇంకో చీటీ. అది టోని చేతిరాత.

ఆ రాత చూసి గణపతిరావు నవ్వు ఆగిపోయింది.

"ఏటైనాది? ఏటి రాసున్నాది?" దాలమ్మ దగ్గరికొచ్చింది.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని కూడబలుక్కుని పైకి చదివాడు. "టోని, డ్రైవరు, ఖరగ్‌పూర్. బాగుచేసినది... గణపతిరావు, ఫిట్టరు, టోకెన్ నంబరు నాలుగు వేల నూట ఇరవై ఏడు."

ఆ రోజుల్లో క్లబ్బులో తన పేరు ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. సంతోషానికి కళ్లు నిండిపోయాయి.

"ముప్పయ్యారేళ్ల నుంచి నాను దీన్లోనే ఉన్నానే దాలా!"

దాలమ్మ ఆ చీటీని చీరకొంగుతో మెల్లగా తుడిచింది. రెండు చీటీలూ ఉన్నచోటే పెట్టించి, మరలు బిగించేదాకా పక్కనే కూర్చుంది.

"ఏదీ, ఓపాలి లాగు. నానూ ఇంతాను."

కటక్.

"ఇంకోపాలి" అంది దాలమ్మ.