కూత మోస్టిన్

మోస్టిన్ గెథిన్ మంచివాడు. నిజాయితీపరుడు. తాగుడు లేదు, కోపం లేదు, ఒకరి గురించి చెడు మాట్లాడడు. కుమ్ హెలిగ్ లోయ జనం ఏళ్ల తరబడి ఆయన్నే పార్లమెంటుకు పంపుతున్నారంటే ఊరికే కాదు. ఆయనలో ఉన్నది ఒకే ఒక్క లోపం. పాడతాడు.

మరో దేశంలో అయితే దీన్నెవరూ లోపం కింద జమ కట్టరు. కానీ వేల్స్‌లో, అందులోనూ బొగ్గుగనుల లోయలో, పాట రానివాడు పుట్టడమే అరుదు. కుమ్ హెలిగ్‌లో ఉయ్యాలలో పిల్ల ఏడ్చినా శ్రుతిలోనే ఏడుస్తుంది. పాలవాడూ పోస్టుమానూ వీధి మలుపులో ఎదురుపడితే ఒకడు పైస్థాయిలోనూ ఇంకొకడు మంద్రంలోనూ పలకరించుకుంటారు. అలాంటి లోయలో మోస్టిన్ గొంతెత్తితే, షిఫ్టు మొదలైందనుకుని గని కార్మికులు రొట్టెల డబ్బాలు చంకన పెట్టుకుని బయల్దేరేవారు. షిఫ్టుకు మోగే కూతకీ ఆయన పాటకీ తేడా ఒక్కటే. కూత కాసేపటికి ఆగుతుంది.

ఆ లోయలో ఇంటిపేర్లు పట్టుమని పది ఉండవు, మనుషులేమో వేలు. అందుకని అందరికీ ఏదో ఒక గుర్తు తగిలిస్తారు. రొట్టెల ఐవర్, ఒంటిపన్ను గ్విన్, సమాధుల టామ్. అలా ఈయన కూత మోస్టిన్ అయ్యాడు.

ఈ పాట బాధ అందరికన్నా ఎక్కువ పడింది నెస్టా ప్యూ. లోయలో పార్టీ ఆఫీసు నడిపేది ఆమే. మోస్టిన్ ప్రసంగాలు టైపు చేసేదీ, ఆయన ఎక్కడో మరిచిపోయిన గొడుగులు వెతికి తెచ్చేదీ, ఆయన పాడకుండా ఆపేదీ ఆమే. మొదటి రెండు పనులూ బాగా చేసేది.

మొదటిసారి గెలిచిన రోజు సంగతి నెస్టా ఎప్పటికీ మరిచిపోదు. ఫలితం చదివారు. జనం చప్పట్లు కొట్టారు. మోస్టిన్ టౌన్‌హాలు మెట్లమీద నిలబడి, టోపీ తీసి, కృతజ్ఞతగా ఒక కీర్తన ఎత్తుకున్నాడు. ఎదుటి పార్టీ తరఫున నిలబడినవాడు ఇంగ్లండు నుంచి దిగిన లాయరు. ఓట్లు మళ్లీ లెక్కపెట్టాలని అప్పటిదాకా గొడవ చేస్తున్నవాడు, ఒక చరణం వినేసరికి కోటు తొడుక్కుని నెస్టా దగ్గరికి వచ్చాడు.

"మళ్లీ లెక్క అక్కర్లేదమ్మా. ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. రైలు స్టేషన్ ఎటు?"

లండన్‌లోనూ అంతే. పార్లమెంటులో మాట్లాడితే మాత్రం సూది కిందపడినా వినపడేటంత నిశ్శబ్దంగా వినేవారు. మాట బంగారం. పాటే ఇనుము. ఒకరోజు వరండాలో తనలో తాను పాడుకుంటూ పోతుంటే, ఒక పోలీసు పరుగెత్తుకొచ్చి, "ఎవరికండీ దెబ్బ తగిలింది?" అని అడిగాడు.

అయితే ఆ పాట ఒకసారి పనికొచ్చింది కూడా. బొగ్గు దుమ్ము ఛాతీలో పేరుకుపోయి పనికి వెళ్లలేని కార్మికులకు పింఛను ఇవ్వాలని మోస్టిన్ కొన్నేళ్లుగా పోరాడుతున్నాడు. తానూ పద్నాలుగో ఏట గనిలోకి దిగినవాడే. యూనియన్ పనిలో పడి త్వరగా పైకి వచ్చాడు కనుక ఛాతీ దక్కింది. లోపల మిగిలిపోయిన స్నేహితులకు దక్కలేదు. సంబంధించిన మంత్రిగారేమో, ఎప్పుడు వెళ్లినా ఊళ్లో లేరని చెప్పించేవారు. ఒక రోజు మోస్టిన్ ఆయన గది బయట బెంచీమీద కూర్చుని, "తొందరేం లేదు, కాస్త పాడుకుంటూ కూర్చుంటాను" అన్నాడు. రెండో కీర్తన సగంలో ఉండగా మంత్రిగారు ఊళ్లోకి వచ్చేశారు. ఆ చట్టం వచ్చాక లోయలో ఆయన్ని భుజాలమీద ఊరేగించారు. ఊరేగింపులో పాడనని ముందుగా మాట తీసుకున్నాకే లెండి.

ఇంతకీ ఆయన అసలు రంగస్థలం కుమ్ హెలిగ్ మగవాళ్ల గాయక బృందం. శుక్రవారం లండన్ రైలు దిగడం, సంచీ నెస్టా చేతిలో పెట్టడం, తిన్నగా చాపెల్‌కు, అంటే ఊరి ప్రార్థనమందిరానికి, పోయి ప్రాక్టీసులో నిలబడడం. బృందం నడిపేది స్కూలు మాస్టారు కరాడోగ్ రీస్. వానచినుకు రేకు మీద పడితే అది ఏ స్వరమో చెప్పగల మనిషి. ఆయనకు పైనుంచి వచ్చిన పరీక్ష మోస్టిన్.

తప్పు పాడితే పాడాడు, ఒక చోట నిలబడి పాడినా సర్దుకోవచ్చు. ఈయన ఒక వారం పైస్థాయి వరసలో ఉంటాడు. మరో వారం మంద్రంలో తేలతాడు.

"అసలు నీది ఏ స్థాయి మోస్టిన్?" అని కరాడోగ్ పళ్లు నూరేవాడు.

"నువ్వే చెప్పాలి మాస్టారూ. విన్నవాడివి నువ్వు."

నెస్టా తన ప్రయత్నాలు తాను చేసింది. గొంతు బిళ్లలు ఇచ్చి, ఇవి నోట్లో ఉండగా పెదవి కదపకూడదని డాక్టరు చెప్పాడంది. ఆయన నమిలి మింగేశాడు. "మీ గొంతు బొంగురుగా ఉంది, ఇవాళ్టికి విశ్రాంతి ఇవ్వండి" అంది. "బొంగురా? పాడితే అదే తెరుచుకుంటుంది తల్లీ" అన్నాడు. ఆ మోతలో ఈయన గొంతు కలిసిపోతుందని చాపెల్‌లో పెద్ద ఆర్గన్ వాయిద్యం పక్కనే కూర్చోబెట్టింది. ఆ ఆదివారం ఆర్గన్ చెడిపోయిందని మరమ్మతు మనిషికి కబురెళ్లింది.

ఇలా ఉండగా ఒక వేసవిలో ఈ బృందానికి జాతీయ ఉత్సవంలో పోటీకి పిలుపు వచ్చింది. ఐస్టెద్వొద్ అనే ఆ పాటల పండుగ అంటే వేల్స్‌లో మాటలు కాదు. అక్కడ గెలిచిన బృందం పేరు మనవలు చెప్పుకుంటారు. పిలుపు అందిన మర్నాడే కరాడోగ్ పార్టీ ఆఫీసుకు వచ్చి టోపీ బల్లమీద పెట్టాడు.

"నెస్టా, పోటీకి ఆయనైనా రావాలి, నేనైనా వెళ్లాలి. ఇద్దరం కుదరదు. నా జీవితంలో ఇలాంటిది మళ్లీ రాదు. నువ్వు చెబితే వింటాడు."

"నా మాట వినేవాడైతే మీకీ బాధ ఎప్పుడో తీరేది కాదూ?" అంది నెస్టా. కానీ మాస్టారి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఒప్పుకుంది.

ఆ శనివారం మోస్టిన్ ఆఫీసులో టీ తాగుతుండగా తలుపు వేసి వచ్చింది.

"మోస్టిన్, ఒక మాట చెబుతాను. కోప్పడకండి."

"చెప్పు తల్లీ."

"మీకు పాట రాదు."

ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఇదా! ఈసారి ఎన్నికల్లో ఓడిపోతున్నామంటావేమోనని హడలి చచ్చాను కదా."

"మీకు... తెలుసా?"

"తెలియకేం? చిన్నప్పుడు మా అమ్మ వంటింట్లో పాడుతుంటే నేనూ అందుకునేవాణ్ణి. అందుకోగానే, 'నాయనా, పోయి కాస్త బొగ్గు పట్టుకురా' అనేది. పొయ్యి నిండా ఉన్నా సరే. మా ఇంట్లో బొగ్గు గుట్టలు పడి ఉండేది. ఎంత చిన్నవాడికైనా ఆ మాత్రం అర్థం కాదటమ్మా?"

"మరి తెలిసీ ఎందుకు పాడతారు? మమ్మల్నందర్నీ ఎందుకిలా చంపుకుతింటారు? ఈ ఒక్క పోటీకి మీరు రావద్దని మాస్టారు బతిమాలుకుంటున్నారు."

మోస్టిన్ కప్పులోకి చూశాడు. "వారం రోజులు ఆగు. చెబుతాను" అని లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత, "సరే, నేను రానని కరాడోగ్‌తో చెప్పు" అన్నాడు. అన్నేళ్లలో ఆయన అంత మెల్లగా మాట్లాడడం నెస్టా వినలేదు.

ఆయన లేని మొదటి ప్రాక్టీసుకి నెస్టా చాపెల్ వెనకగదిలో అందరికీ టీ కలుపుతోంది. కరాడోగ్ ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. పాట ఎత్తుకున్నారు. ఎంత హాయి! నెస్టా కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రెండో చరణంలో ఏదో శబ్దం. కొలిమి తిత్తికి చిల్లు పడి గాలి జారుతున్నట్టు. పైస్థాయి వరసలో హావెల్ లూయిస్. ఒకప్పుడు ఆ గొంతు వినడానికి పక్క లోయల నుంచి నడిచి వచ్చేవారు. ఇప్పుడు సగం స్వరం పలికి, మిగతా సగానికి ఊపిరి అందక, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత దగ్గు అందుకుంది. పాట ఆగిపోయింది. ఒక్కరూ తల తిప్పలేదు. అందరూ చేతిలో కాగితం కేసే చూస్తూ ఉండిపోయారు.

హావెల్ టోపీ తీసుకుని, "పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాను" అంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ శుక్రవారం అతను రాలేదు. మంద్రం వరసలోంచి ఎల్విన్ రాలేదు. ఆ తర్వాత ఇంకొకరు.

నెస్టా ఉండబట్టలేక హావెల్ ఇంటికి వెళ్లింది. అతని భార్య మోర్విద్ పెనం మీద తీపి రొట్టెలు కాలుస్తోంది. హావెల్ పొయ్యి దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"ఆ గాడిద గొంతువాడు లేకపోతే నేనెట్టా పాడతాను నెస్టా?" అన్నాడు నవ్వుతూ.

"అదేమిటి?"

"వాడు నా పక్కన నిలబడేవాడు. ఊపిరి అందని చోటు వస్తుందనగానే మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచేవాణ్ణి. వాడు ఎత్తుకునేవాడు. ఇక నేను ఆగితేనేం, దగ్గితేనేం, కిందపడి దొర్లితేనేం? ఎవడికి వినపడుతుంది?"

నెస్టా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే... క్రిస్మస్ కచేరీలో, చివర్లో అంత ఘోరంగా అరిచింది..."

"అది నా గొడవ కాదు. ఆ రోజు వంతు ఎల్విన్‌ది."

"వంతులా!"

"మరి? వాడు ఒక్కడు, ఛాతీ పాడైనవాళ్లం ఇంతమందిమి. రైలు దిగి వస్తూనే అడిగేవాడు, 'ఇవాళ ఎవడి ఛాతీ బాగోలేదురా?' అని. ఎవడిది బాగోకపోతే వాడి పక్కకి చేరేవాడు."

"మరి ఇప్పుడెందుకు మానుకున్నాడు? మీతో ఒక్క మాట..."

"నన్ను అడిగాడు. నేనే మానుకోమన్నాను. మన లోయ గెలవాలని నాకు మాత్రం ఉండదా? ఎలాగో నెట్టుకొస్తాలే అనుకున్నాను." హావెల్ కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "దగ్గు వచ్చినందుకు కాదు నేను లేచి వచ్చేసింది. అందరూ నామీద జాలిపడి తల దించుకున్నారు చూడు, అందుకు. మోస్టిన్ ఉంటే జనం నవ్వేవాళ్లు. అదే బాగుండేది."

"ఇదుగో, ఇవి తిను" అని మోర్విద్ రొట్టెల పళ్లెం నెస్టా ముందు పెట్టింది. "ఆ మోస్టిన్‌గాడి డొక్క చూడాలి నువ్వు. అంతా కమిలిపోయి ఉంటుంది పాపం."

నెస్టా అక్కడినుంచి తిన్నగా కరాడోగ్ ఇంటికి వెళ్లి అంతా చెప్పింది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇన్నేళ్లూ నా వెనకాల ఇంత నాటకమా?"

"వెనకాల ఎక్కడ మాస్టారూ? వాళ్లకి ఎదురుగా నిలబడేది మీరేగా."

ఆ శుక్రవారం లండన్ రైలు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద నెస్టాతో పాటు కరాడోగ్ కూడా ఉన్నాడు. ఆయన్ని చూసి మోస్టిన్ ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ప్రాక్టీసుకి పద."

"పోటీ ఉందిగా?"

"పోటీకీ పద."

"కరాడోగ్, ఓడిపోతాం."

"ఓడిపోతామని నాకు తెలియదా? చెవులున్నవాణ్ణి. ఒక్కటే బతిమాలుకుంటున్నాను. స్వరం ఎలాగూ కుదరదు, కనీసం నాతో పాటు మొదలుపెట్టి నాతో పాటు ఆపు."

"ప్రయత్నిస్తాను" అన్నాడు మోస్టిన్, వినయంగా.

పోటీ రోజున వాన. పెద్ద డేరా కింద వేలమంది. కుమ్ హెలిగ్ బృందం వేదిక ఎక్కింది. అందరూ వచ్చారు, హావెల్, ఎల్విన్‌తో సహా. హావెల్ పక్కన మోస్టిన్. మొదటి రెండు చరణాలూ మోస్టిన్ పెదవులు మాత్రమే కదిపాడు. పాట నదిలా సాగింది. ముందు వరుసలో కూర్చున్న నెస్టా వేళ్లు మెలివేసుకుంటోంది. గెలిచేటట్టున్నారు. నిజంగానే గెలిచేటట్టున్నారు.

చివరి చరణం మొదట్లో హావెల్ మోచెయ్యి కదలడం ఆమెకి కనిపించింది.

మోస్టిన్ తటపటాయించాడు. కరాడోగ్ కేసి చూశాడు. కరాడోగ్ కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం అరచేయి పైకి పెట్టి, మెల్లగా లేచింది. ఎత్తుకో, అని.

మోస్టిన్ ఎత్తుకున్నాడు.

మూడో వరుసలో నిద్రపోతున్న పసిపిల్ల లేచి కూర్చుంది. న్యాయనిర్ణేత చేతిలో కలం కిందపడింది. డేరాలో సగం మంది నవ్వు ఆపుకోలేక రుమాళ్లు తీశారు. ఆ గోలలో హావెల్ నిదానంగా, ఎవరి కంటా పడకుండా, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ఆఖరి పంక్తి దగ్గర మోస్టిన్ ఠక్కున ఆగాడు, జీవితంలో మొదటిసారి సరైన చోట. హావెల్ గొంతు లేచింది. ఒకే ఒక పంక్తి. పాత హావెల్. రుమాళ్లు పట్టుకున్నవాళ్లు వాటిని అలాగే పట్టుకుని ఉండిపోయారు.

చిట్టచివరి స్థానం వచ్చింది. న్యాయనిర్ణేత లేచి, "ఆఖరి చరణం మొదట్లో జరిగినదాని గురించి నేను మాట్లాడదలుచుకోలేదు. దాని చివర వినిపించిన గొంతు మాత్రం ఈ ఉత్సవంలో ఇంకెక్కడా వినలేదు" అన్నాడు. హావెల్ టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. కరాడోగ్ గెలిచినవాడికన్నా ఎక్కువగా చేతులు కలుపుతూ తిరిగాడు.

సాయంత్రం బస్సు కొండల మధ్య నుంచి ఇంటిదారి పట్టింది. వాన వెలిసింది. హావెల్ కిటికీ పక్కన హాయిగా నిద్రపోతున్నాడు. మిగతావాళ్లు చేపా, వేయించిన బంగాళాదుంపా తింటున్నారు. ఇంతలో ముందు సీట్లోంచి కూత మొదలైంది. పొట్లాలు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. నెస్టా లేచి వెళ్లి మోస్టిన్ పక్కన అటూ ఇటూ చూసింది. పక్క సీట్లో ఎవరూ లేరు.

"మోస్టిన్, మిమ్మల్ని ఎవరూ పొడవలేదుగా. మరి ఇప్పుడెందుకు?"

ఆయన పాట ఆపి ఆమెకేసి ఆశ్చర్యంగా చూశాడు.

"ఇది నాకోసం తల్లీ" అన్నాడు. రెండో చరణం అందుకున్నాడు.